కోర్చాలో నా నాటకం

"కాఫీ పొంగింది చూడవే! ఒళ్ళు ఇక్కడ, మనసు కోర్చాలో," అంది మా అత్తయ్య హైరియే హాల్లోంచి. ఆవిడకి చూపు మసకే గానీ ముక్కు మాత్రం మహా చురుకు. పొయ్యి తుడిచి మళ్ళీ నీళ్ళు పెట్టాను. ఆ పూట మా ఇంటికి చుట్టాలు అభినందించడానికి వచ్చారు. నేను రాసిన నాటకాన్ని మా సొంత ఊరు కోర్చాలో, పెద్ద థియేటర్లో ఆడబోతున్నారు. అల్బేనియా కొండలు కాలినడకన దాటి ఈ గ్రీసు దేశం వచ్చి ఇరవై ఏళ్ళు. వచ్చాక మూడు కవితా సంపుటాలు, రెండు నాటకాలు రాశాను. అన్నీ వదిలొచ్చిన నేల గురించే. నాటకాలు ఇక్కడ తెస్సలోనికిలో, మావాళ్ళ సంఘం హాల్లో, మడత కుర్చీల మధ్య ఆడారు. సొంత ఊరి వేదిక మీద నా మాటలు వినబడబోవడం ఇదే మొదటిసారి. ఒక్కసారి అక్కడ కూర్చుని వినాలి, అంతే నాకు కావలసింది.

మావాళ్ళలో మంచి జరిగేది మనిషికి కాదు, ఇంటికి. కాబట్టి అభినందన ముందు పెద్దావిడకి, తర్వాత ఇంటి మగాడికి. కోడలు పళ్ళెం పట్టుకుని వయసు వరసన ఒక్కొక్కరికీ చెంచాడు అంజీర పాకం, మంచినీళ్ళు, తర్వాత సారా, ఆ తర్వాత కాఫీ అందించాలి. అందరి కప్పులూ ఖాళీ అయ్యేదాకా కూర్చోకూడదు.

"మీ ఇంటికి పేరొచ్చింది పెద్దమ్మా," అన్నాడు బర్ధిల్, మా ఆయన స్కెందర్‌కి బాబాయి కొడుకు. ఆ తర్వాత స్కెందర్ చెయ్యి పట్టుకుని ఊపుతూ, "ఏంట్రోయ్, సిమెంటు కలిపేవాడివి రచయితవైపోయావే!" అన్నాడు. అందరూ నవ్వారు. స్కెందర్ కూడా నవ్వాడు, కాదనలేదు. నా చేతిలోంచి కప్పు అందుకుని బర్ధిల్, "నీ చేతులు చల్లగుండ ఎర్మిరా, కాఫీ అంటే నీదే!" అన్నాడు. నాటకం రాసినవీ ఈ చేతులే నాయనా, అని నాలిక చివరిదాకా వచ్చింది. ఖాళీ పళ్ళెం పట్టుకుని వంటింట్లోకి వచ్చేశాను.

చుట్టాలు వెళ్ళాక అసలు మాట ఎత్తాను. చలికాలంలో జారిపడి తుంటి విరిగినప్పటినుంచీ అత్తయ్యకి స్నానం, బట్టలు అన్నీ నేనే. నేను కోర్చా వెళ్ళొచ్చే రెండు రోజులూ ఆ పని చూడమని పై అంతస్తులో ఉండే ఫొతినిని అడిగి ఒప్పించాను. ఆవిడ సరేనంది కూడా.

"పరాయిదాని చెయ్యి నా ఒంటిమీద పడనివ్వను," అంది అత్తయ్య. "నువ్వు వెళ్ళు తల్లీ, నాకేం? ఇలాగే పడుంటాను."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పొద్దుటే లేచి జీతానికి ఒక గ్రీకు ముసలావిడకి నీళ్ళు పోసి వస్తాను నేను. అక్కడ పరాయి చెయ్యి నాదే. ఆవిడ పిల్లలు ఉద్యోగాలకి వెళ్ళగలుగుతున్నారు.

"మరి నన్ను చెయ్యమంటావా?" అన్నాడు స్కెందర్. "కన్నతల్లికి కొడుకు నీళ్ళు పోస్తాడా? లోకం నవ్వదూ? అయినా నీకెందుకు బెంగ, నేను వెళ్తాగా. ఎవరెళితే ఏముంది, ఇల్లు ఒకటే కదా!"

అరవాలనిపించింది. కానీ ఎవరిమీద అరవను? నీళ్ళు పోసేటప్పుడు అత్తయ్య పడిపోతానేమోనన్న భయంతో నా మెడ పట్టుకుంటుంది, చంటిపిల్లలా. ఆ పట్టు విడిపించుకుని బస్సెక్కడం నాకు చేతకాలేదు. స్కెందర్ నల్లకోటు నేనే ఇస్త్రీ చేసి ఇచ్చాను.

నాటకం అయిన వెంటనే ఫోన్ చేశాడు. వెనక జనం గోల. "ఎర్మిరా! లేచి నిలబడి చప్పట్లు కొట్టారే! నన్ను వేదిక మీదకి పిలిచారు. రెండు ముక్కలు మాట్లాడాను కూడా."

"సరిహద్దు దగ్గర చప్పుడు వినబడకూడదని ఆ తల్లి కూతురి చెప్పులు పారేసే చోటు, అక్కడ జనం ఎలా ఉన్నారు?"

"ఏ చోటు?"

"స్కెందర్, చివరి అంకం చూశావా?"

"అప్పటికే లేచి వేదిక పక్కకి వెళ్ళిపోయానే, పిలుస్తారేమోనని."

ఆ అంకం రాయడానికి నాకు ఐదేళ్ళు పట్టింది. ఆ చెప్పులు కొండలు దాటిన రాత్రి మా చిన్న కూతురివి. మంచులో అది ఒట్టి కాళ్ళతో ఏడుస్తుంటే వెనక్కి చూడకుండా ముందు నడిచింది అతనే. ఫోన్ పెట్టేశాను.

మర్నాడు పువ్వులతో దిగాడు. వాటిని అత్తయ్య ఒళ్ళో పెట్టి, "ఇంకో నాటకం కావాలట," అన్నాడు నాతో. "ఈసారి మగాడి కష్టం రాస్తావని మాటిచ్చేశాను. పరాయి దేశంలో నా బతుకు రాయి. నేను చెప్తుంటాను, నువ్వు రాద్దువుగాని."

"సరే," అన్నాను. ఆ ఇంట్లో నా నోటికి బాగా అలవాటైన మాట అదే.

తెల్లారి పనికి వెళ్ళే బస్సులో కొత్త నాటకానికి కాయితం తీశాను. స్కెందర్‌కి ఇటుకలు, సున్నం అడిగేంత గ్రీకు వచ్చు, చదవడం రాదు. అత్తయ్యకి ఒక్క ముక్క రాదు. కోర్చాలో నా మాటలు విని ఏడ్చినవాళ్ళలో చాలామందికి కూడా రాదు. అది తెలిసే, మొదటి వాక్యం గ్రీకులో రాశాను. ఇరవై ఏళ్ళుగా ప్రవాసం గురించి రాస్తూనే ఉన్నాను గానీ, మా అమ్మ నేర్పిన భాషని వదిలిపెట్టి బయల్దేరింది మాత్రం ఆ పొద్దుటే.