ముందు ఎదుటివాడి మాట

నాగులు నుదుటికి కట్టిన గుడ్డ మీద ఈగ వాలింది. వాడు దాన్ని తోలుకోవడానికి కూడా చెయ్యి లేపలేదు. పెద్దమనుషుల ముందు చేతులు కట్టుకుని నిలబడమన్నారు కాబట్టి అట్లాగే నిలబడ్డాడు. బెంచీ చివర కూర్చున్న కనకమ్మ పంతులమ్మకు ఆ ఈగను చూస్తుంటే రోత పుట్టింది. ఈగను చూసి కాదు. ఈగ వాలినా తోలుకోలేని పిల్లవాడిని ముందు నిలబెట్టుకుని, తీరిగ్గా వక్కలు కొరుకుతున్న ఆ నలుగురినీ చూసి.

కర్నూలు రాజధానిగా కొత్త రాష్ట్రం వచ్చి రెండో ఏడు నడుస్తోంది. బడి మార్కాపురం ఊరవతల, పలకల గనులకు పోయే దారిలో ఉంది. దారి పొడుగునా గనుల్లోంచి పారబోసిన రాతి ముక్కలే. పలకకు పనికిరానివి, అంచులు కత్తుల్లా ఉండేవి. పిల్లలకు కోపమొస్తే వంగి చెయ్యి చాస్తే చాలు, ఆయుధం దొరుకుతుంది. కనకమ్మ ఆ బడికి వచ్చిన కొత్తలో వారానికొకడి తలకు పసుపు అద్దేది. కొట్టినవాడిని బెత్తంతో కొడితే సాయంత్రం వాడు ఇంకొకణ్ణి కొట్టేవాడు. బెత్తం ఎత్తుతున్న తన చెయ్యి మీద తనకే రోత పుట్టి, ఒకనాడు దాన్ని పొయ్యిలో పెట్టేసింది.

ఆ తర్వాత ఒక పద్ధతి పెట్టింది. తగవు పడ్డ ఇద్దరూ ఎదురెదురుగా కింద కూర్చోవాలి. తన మాట ముందు చెప్పుకోకూడదు. ఎదుటివాడి బాధ ఏమిటో ముందు తాను చెప్పాలి. ఎదుటివాడు "ఔను, అదే" అన్నాకే తన బాధ వాడి నోట వినాలి.

మొదట్లో పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆరో తరగతి మోషే, విశ్వాసం ఇద్దరూ బలపం కోసం కొట్టుకున్నప్పుడు మోషేను ముందు చెప్పమంది.

"వీని బలపం నేను తిన్నానంట అమ్మా."

"తిన్నావా?"

"సగమే తిన్నా. మిగతా సగం వీడే తిన్నాడు."

"నేను తిన్యాకనే కదరా నువ్వు గుంజుకునింది!" అన్నాడు విశ్వాసం. అని తానే నాలిక్కరుచుకున్నాడు. తరగతంతా గొల్లుమంది. ఆ రోజుకు రాయి లేవలేదు. అట్లా రోజులు గడిచేకొద్దీ పసుపు ఖర్చు తగ్గింది. కనకమ్మ పిలవకుండానే పిల్లలు వేపచెట్టు కింద ఎదురెదురుగా కూర్చోవడం నేర్చుకున్నారు.

హెడ్మాస్టరు వీరాంజనేయులు ఈ సంగతిని తన గొప్పగా ఊళ్ళో చెప్పుకున్నాడు. బడి కమిటీ పెద్ద రామలింగయ్యకు మరీ చెప్పాడు. రామలింగయ్యకు పలకల ఫ్యాక్టరీ ఉంది. బడికి రెండు గదులు కప్పించిందీ ఆయనే. ఆయన కొడుకు కరుణాకరం, నాగులూ ఎనిమిదో తరగతిలో ఒకే బెంచీ మీద కూర్చుంటారు.

నాగులు గొర్రెల కాపరి చెన్నయ్య కొడుకు. చెన్నయ్య చనిపోయాక తల్లి శ్రీశైలమ్మే మందను తోలుతోంది. వాళ్ళింట్లో ఎనిమిదో తరగతి దాకా వచ్చినవాడు వీడొక్కడే. ఎండాకాలంలో సర్కారు పరీక్ష పాసయితే ట్రైనింగుకు పంపించి పంతుల్ని చేయాలని కనకమ్మ ఆశ.

మొన్న బుధవారం మధ్యాహ్నం నాగులు అన్నం గిన్నె విప్పాడు. "గొర్రె కంపు కొడతాంది, అవతలికి పోరా" అని కరుణాకరం గిన్నెను కాలితో తన్నాడు. సంగటి మట్టిలో పడింది. నాగులు లేచి, వాడి నాయనను తిడుతూ చొక్కా పట్టుకుని గుంజాడు. కరుణాకరం విడిపించుకుని రాతిముక్క తీసి విసిరాడు. కనుబొమ్మ పైన చీలింది. ఇంకొంచెం కిందికి తగిలితే కన్నే పోయేది. చూసిన పిల్లలు ఎంతమందో ఉన్నారు. దాపరికం ఏమీ లేదు.

సోమవారం కర్నూలు నుంచి ఇన్స్పెక్టరు వస్తున్నాడు. అదీ పెద్దమనుషుల తొందర. రామలింగయ్య స్వయంగా కనకమ్మ దగ్గరికి వచ్చి, "మీ పద్ధతిలోనే తేల్చుకుందాం పంతులమ్మా, మాదేముండాది" అన్నాడు. కనకమ్మ ఉప్పొంగిపోయింది. కంభంలో పుట్టి పెరిగిన మనిషికి ఈ సీమ పంచాయతీలు తెలియవా? పెద్దల ముందు ఎవడి నోటి నుంచి ఏ మాట వస్తే అది వాడు ఒప్పుకున్నట్టే. దాని మీద ఇంకెవరూ ఏమీ వినరు. చివర పళ్ళెంలో బెల్లం పుట్నాలు తిప్పుతారు. కూర్చున్న వాళ్ళంతా నోట్లో వేసుకుంటే తీర్పు ముగిసినట్టు. అన్నీ తెలుసు. కానీ బడిలో కూర్చుంటే అది బడే అవుతుందనుకుంది.

"చెప్పరా అబ్బోడా," అన్నాడు ఆ నలుగురిలో పెద్దగా కూర్చున్న రామలింగయ్య నాగులుతో. "మీ పంతులమ్మ ఎట్ల చెప్పమనిందో అట్లనే."

నాగులు కనకమ్మ వైపు చూశాడు. ఆమె తలూపింది. అట్లా తలూపినందుకు తర్వాత ఆమెకు తన మీదే అసహ్యం వేసింది.

"కరుణాకరం బాధ ఏందంటే," నాగులు బుద్ధిగా మొదలుపెట్టాడు, "నేను ముందు చొక్కా పట్టుకొని గుంజినా. గుండీ తెగిపాయ. అది కొత్త చొక్కా. వాళ్ళ నాయన్ను తిట్టినా. అందరి ముందర తిట్టేతలికి వానికి సిగ్గయింది. భయమేసింది. అందుకనే రాయి తీసినాడు."

ఎంత బాగా చెప్పాడు! తనకు తగిలిన దెబ్బను పక్కన పెట్టి, కొట్టినవాడి సిగ్గును కూడా పట్టుకున్నాడు. కనకమ్మకు కళ్ళు చెమర్చాయి.

"ఇంగేం!" రామలింగయ్య తొడ చరుచుకున్నాడు. "విన్నారు కదా అందరూ. వాని నోటితో వాడే చెప్పినాడు. నేనేమన్నా చెప్పిచ్చినానా?"

"లేదు లేదు," అన్నారు పక్కనున్నవాళ్ళు, వక్కలు నములుతూనే.

"అది కాదండీ," కనకమ్మ లేచింది. "ఇంకా సగమే అయింది. ఇప్పుడు కరుణాకరం నాగులు బాధ చెప్పాలి."

కరుణాకరం గోడకు ఆనుకుని ఉన్నాడు. వేపచెట్టు కింద ఎన్నోసార్లు కూర్చున్నవాడే కనక అలవాటుగా నోరు తెరిచాడు. "నాగులు బాధ ఏందంటే నాయనా, వాని సంగటి నేను..."

రామలింగయ్య చెయ్యి వాడి చెంప మీద పడింది. గది గదంతా వినిపించింది. "నిన్నెవడడిగినాడ్రా? నోరు మూసుకో!"

పిల్లవాడు చెంప పట్టుకుని మళ్ళీ గోడకు అతుక్కుపోయాడు. కనకమ్మ హెడ్మాస్టరు వైపు చూసింది. ఆయన కిటికీ వైపు చూశాడు.

తీర్పు అప్పటికే ఇంటి దగ్గర కుట్టుకొచ్చినట్టు చకచకా వచ్చేసింది. నాగులు కరుణాకరం కాళ్ళకు మొక్కాలి. ఈ ఏటికి బడి చాలించాలి. కట్టు కట్టుకున్న ముఖం ఇన్స్పెక్టరుకు కనబడకూడదు. పరీక్ష మాట పైయేడు చూద్దాం.

"మొక్కు నాయనా," అన్నాడు వీరాంజనేయులు మెత్తగా. ఆ మెత్తదనం చెయ్యికి అంటుకున్న జిగురులా ఉంది.

నాగులు వంగి మొక్కాడు. లేచేటప్పుడు కనకమ్మను చూసి, "మీరు చెప్పినట్టే చెప్తి కదమ్మా," అన్నాడు. కోపంగా కాదు, తప్పెక్కడ పోయిందో లెక్క అడిగినట్టు.

వాకిట్లో నిలబడ్డ శ్రీశైలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. పళ్ళెం తిరిగింది. ఆమె దోసిలి పట్టి బెల్లం తీసుకుని కొంగున ముడేసుకుంది. కాదందామంటే మంద మేపుకునే బీడు కూడా ఆ రామలింగయ్యదే. పళ్ళెం కనకమ్మ దగ్గరికి వచ్చింది. "తీసుకోండి పంతులమ్మా, మీ పద్ధతే గెలిచింది!" రామలింగయ్య ఎర్రటి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు.

ఇవతల వీరాంజనేయులు నోట్లో పుట్నాలు పటపట నలుగుతున్నాయి. కనకమ్మ చెయ్యి చిన్నప్పటి అలవాటున పళ్ళెంలోకి పోయింది, నోటి దాకా వచ్చింది. బెల్లం నాలుకకు తగిలింది. అక్కడే, అందరి ముందూ, ఆ బండల మీద ఉమ్మేసింది.

నమలడం ఆగిపోయింది.

"ఏంది పంతులమ్మా ఇది?" అన్నాడు రామలింగయ్య.

"నాకు దిగలేదు."

"కూర్చున్నోళ్ళు ఉమ్మితే తీర్పు నిలవదని తెలుసునా నీకు?"

"తెలుసు కనకే ఉమ్మినా." ఆమె నోట కంభం మాట దానంతటదే వచ్చేసింది. "ఇంత రోతను నేను మింగలేను. బదిలీ చేయిస్తావో, మానిపిస్తావో చేసుకో, అన్నా."

వీరాంజనేయులు చేతులు పిసుక్కున్నాడు. "సరే సరే. అట్లయితే మళ్ళా రేపు కూర్చుందాం..."

"మళ్ళానా?" శ్రీశైలమ్మ వాకిలి దాటి లోపలికి వచ్చింది. "మళ్ళా నా బిడ్డ నోట అదే పలికిస్తారా? వద్దు సామీ. మాకు మీ బడీ వద్దు, మీ పద్ధతీ వద్దు." అని కనకమ్మ వైపు తిరిగింది. "నీకూ దండమే తల్లీ. నువ్వు నేర్పిన మంచే కదా వానికి కొంప ముంచింది."

ఆ మాట అబద్ధం కాదు. కనకమ్మ పోయి నాగులు ముందు కింద కూర్చుంది, వేపచెట్టు కింద కూర్చునేటట్టు.

"నాగులూ, నేను నేర్పింది తప్పురా. సమానంగా ఉన్నోళ్ళకే అది. దెబ్బ తిన్నోడు ముందు వాని మాటే వాడు చెప్పుకోవాల. ఇప్పుడు చెప్పు."

"కరుణాకరం బాధ చెప్పక్కరలేదా?"

"అక్కరలేదు. నీది చెప్పు. సోమవారం ఇన్స్పెక్టరు ముందర కూడా నా పక్కన నిలబడి ఇదే చెప్తువు. పరీక్ష నువ్వు రాసి తీరాల."

"తల్లే బడి వద్దనె, తీర్పయిపోయినట్టే. ఇంగ చెప్పేదేంది?" రామలింగయ్య కండువా దులిపి లేచాడు. మిగిలిన వాళ్ళూ లేచారు. లేస్తూ పళ్ళెంలో మిగిలినవి జేబుల్లో పోసుకున్నారు.

నాగులు తల్లి ముఖం చూశాడు. శ్రీశైలమ్మ కొంగు ముడి విప్పి బెల్లం బండ మీద పారేసింది.

"చెప్పు కొడకా," అంది.

నాగులు కట్టుకున్న చేతులు విడిచాడు. ముందు ఈగను తోలుకున్నాడు. తర్వాత లేచిపోతున్న వీపుల వైపు తిరిగి, గట్టిగా, "నేను అన్నం తింటాండా," అని మొదలుపెట్టాడు.