ఇద్దరం అనుకున్నాం

తడిబట్టలు తగిలించిన వెదురు కర్రను వంటింటి కిటికీలోంచి బయటికి తోస్తూ కల్పన అలాగే నిలబడిపోయింది. మొగుడు మహీధర్ చొక్కాలు గాలికి ఉబ్బి సెంగ్‌కాంగ్ పేట ఆకాశంలో ఈదుతున్నాయి. వాటి మధ్య తన చున్నీ ఎక్కడుందో కనపడలేదు. "కాఫీ ఏదీ?" అన్న కేకకి ఈ లోకంలోకి వచ్చింది.

డ్రైవరు లేని చిన్న రైలు పేటంతా చుట్టి, బయల్దేరిన చోటికే వస్తుంది. అందులో కూర్చుంటే ఆమెకి మగతగా, హాయిగా ఉంటుంది. అద్దం అవతల మేడలూ మబ్బులూ ఒకటైపోతాయి. ఆ మబ్బుల్లో నల్లకోటు వేసుకున్న ఆవిడొకతె తాపీగా నడుస్తుంటుంది. ఎవరో కాదు, విశాఖలో లా చదివిన కల్పనే. ఈ పరాయిదేశంలో సాయంత్రం పూట పైచదువు చదవాలని ఎన్నాళ్ళ కోరికో! ముందు మహీధర్ ప్రాజెక్టు అడ్డొచ్చింది, తర్వాత పాప అక్షర పుట్టింది, ఆపైన అత్తగారి మోకాలి ఆపరేషను. "చదువెక్కడికి పోతుంది? వచ్చే ఏడు చూద్దాంలే" అనేవాడు. నిజమే, చదువెక్కడికీ పోలేదు. ఈ రైల్లాగా తనే తిరుగుతోంది. ఈ ఏడు మళ్ళీ సీటొచ్చింది. సోమవారం చేరాలి.

ఆమె పని లాయర్ల ఆఫీసులో. అమెరికా ఫెడరల్ కోర్టులో రెండు సాఫ్ట్‌వేర్ కంపెనీల దావా నడుస్తోంది; అందులో ఒక కంపెనీ వీళ్ళ క్లయింటు. అసలు విచారణకి ముందు పత్రాలు ఇచ్చిపుచ్చుకోవడానికి జడ్జి పెట్టిన గడువు పొడిగించమని కల్పన అర్జీ తయారుచేసింది. 'ఉభయులూ సమ్మతించారు' అన్న మాట దగ్గర పై లాయరు టాన్ మేడమ్ పెన్ను ఆగింది.

"అవతలివాళ్ళని అడిగావా?"

"లేదు మేడమ్. ఒప్పుకోక ఏం చేస్తారని..."

"కెనాట్ లాహ్, కుదరదు! అడక్కుండా ఉభయులూ అని ఎలా రాస్తావు? సరైన కారణం కూడా చూపాలి. బిజీగా ఉన్నామంటే జడ్జి ఊరుకోడు."

కల్పన గంగిరెద్దులా తలూపింది గానీ, చెవులు వేడెక్కాయి. ఈ తప్పు తనకెక్కడ అలవాటైందో తెలిసిపోయింది. ఫ్లాటు కొన్నప్పుడూ, తన పాత ఉద్యోగం మాన్పించినప్పుడూ మహీధర్ అందరితో అన్న మాట ఒకటే: "ఇద్దరం అనుకున్నాం." పక్కన నిలబడి నవ్విన తన మొహం గుర్తొచ్చి ఏడుపొచ్చింది. కోర్టులో కొట్టుకునేవాళ్ళు కూడా ఒకళ్ళనొకళ్ళు అడుగుతారా!

సాయంత్రం కర్ర లోపలికి లాగుతోంది. ఎండకి కరకరలాడుతున్న చున్నీ చేతికి తగిలింది. హాల్లో మహీధర్ స్పీకర్‌లో వాళ్ళమ్మ తారాదేవితో మాట్లాడుతున్నాడు.

"నువ్వొస్తున్నావుగా అమ్మా, ఇంట్లో మనిషుండాలి. ఈ ఏడు కల్పన చేరట్లేదు. ఇద్దరం అనుకున్నాం."

చున్నీ భుజాన వేసుకుని కల్పన ఫోను దగ్గరికొచ్చింది.

"అత్తయ్యా, ఆయనొక్కరే అనుకున్నారు. నన్నడగలేదు. నేను సోమవారం చేరుతున్నాను."

మహీధర్ స్పీకర్ ఆపబోయాడు.

"నేనొస్తానా అని మాత్రం నన్నెవరడిగారే అమ్మాయ్?" అంది అవతలినుంచి తారాదేవి.