జగిత్యాల ఆదివారాలు

భూమవ్వ ఇరవయ్యో గుడ్డు పెంకు ఒలిచి పళ్లెంలో పెట్టి, ఎందుకో నమ్మకం కుదరక మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. పందొమ్మిదే ఉన్నాయి. ఇంకోసారి లెక్కపెడితే ఇరవై ఒకటి వచ్చాయి. కోరుట్లలోని ఆ అంగన్‌వాడీలో ఆయాగా చేరి పదిహేడేళ్లయింది. గుడ్లు ఆమెతో ఇంతగా మొండికెయ్యడం ఇదే మొదలు.

పొట్టి మనిషి. కళ్లజోడుకు ఒక కాడ విరిగితే నల్లదారంతో చెవికి కట్టుకుంటుంది. ఏళ్ల తరబడి వేడి గుడ్లు ఒలిచి వేళ్ల కొసలు నున్నగా అరిగిపోయాయి. రేషన్ దుకాణంలో వేలిముద్ర పడాలంటే నాలుగుసార్లు తుడిచి పెట్టాలి. ఎవరైనా పిలిస్తే ముందు "ఆ, అచ్చిన" అని, ఆ తర్వాత ఎవరు పిలిచారో చూస్తుంది.

"పదకొండు గంటలకు రిజల్ట్స్ పెడ్తరంట అక్కా," అంది గీతా టీచర్, పిల్లల హాజరు ఫోన్లో ఎక్కిస్తూ. "మీ నంబర్ నా దగ్గర ఉన్నది. టెన్షన్ పడకుండ్రి."

"నాకేం టెన్షన్ టీచర్," అంది భూమవ్వ. చేతిలో ఉన్న గుడ్డు జారి పొయ్యి కిందికి దొర్లిపోయింది.

భూమవ్వ ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాస్తోంది. ఐదేళ్లుగా రాస్తోంది. తెలుగు, సాంఘికం లాంటివి ఒక్కొక్కటిగా గట్టెక్కాయి. లెక్కలు మాత్రం ఆమె మీద పగబట్టినట్టు ప్రతిసారీ ఆరు మార్కుల దూరంలోనో పది మార్కుల దూరంలోనో నిలబెట్టేవి. పది పాసైన ఆయాలను టీచర్లుగా తీసుకుంటారని విని నలభై ఏడో ఏట పేరు రాయించుకుంది. ఇంట్లోనూ గల్లీలోనూ అందరికీ ఆ సంగతి తెలుసు. తెలియనిది ఇంకొకటుంది. రెండేళ్ల కిందట ఒక మీటింగులో, యాభై దాటిన వాళ్లను ఇక తీసుకోరని సూపర్‌వైజర్ మేడం చెప్పింది. అప్పటికి భూమవ్వకు యాభై నిండి నెల కూడా కాలేదు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి భర్త జలపతికి అన్నం పెట్టింది, గిన్నెలు కడిగింది, ఎవరికీ ఏమీ చెప్పలేదు. వచ్చిన ఆదివారం పొద్దున్నే ఎప్పటిలాగే సంచీలో పుస్తకం పెట్టుకుని జగిత్యాల బస్సెక్కింది.

ఎందుకెక్కిందో ఆమెకు బాగా తెలుసు. ఓపెన్ స్కూల్ క్లాసులు జగిత్యాలలో, ఆదివారాలు జరుగుతాయి. మొదటిరోజు వెళ్లేసరికి బెంచీల నిండా తన బిడ్డ స్రవంతి కంటే చిన్నవాళ్లే. చివరి బెంచీలో మాత్రం, బుర్ఖా ముసుగు వెనక్కి వేసుకుని, తనకంటే నాలుగేళ్లు పెద్దదైన ఒకామె కూర్చుని బల్ల కింద వేళ్లు ఊరికే కదిలిస్తోంది. బీడీలు చుట్టే వేళ్లవి. ఆకు లేకపోయినా ఆగవు. ఆమె జోహరా బీ. ఇల్లు కోరుట్లలోనే, భూమవ్వ ఇంటికి రెండు గల్లీల అవతల. అన్నేళ్లూ పలకరించుకోని ఇద్దరూ ఊరు దాటి ఇంతదూరం వచ్చి కలుసుకున్నారు.

అప్పటి నుంచి మిగతా ఆరు రోజులూ ఆ ఒక్కరోజు కోసమే గడిచేవి. మొదట్లో డబ్బిచ్చి, ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక జీరో టికెట్లు తీసుకుని, వెనక చక్రం మీది సీట్లో కూర్చుని ఒకరికొకరు లెక్కలు అప్పజెప్పుకునేవారు. గట్టిగా అనకపోతే భూమవ్వకు బుర్రకెక్కదు, అందుకని బస్సంతా వినేది. ఆరుగురు పది రోజుల్లో కట్టే గోడను నలుగురు ఎన్ని రోజుల్లో కడతారని ఆమె ఒకసారి అడిగితే, ముందు సీట్లోని మేస్త్రి వెనక్కి తిరిగి, ఆ నలుగురూ ఎవరో తెలియకుండా ఎలా చెప్తామన్నాడు. పదిహేను రోజులని జోహరా బీ తేల్చింది. ఇసుక ఎన్నడైనా టైముకు వచ్చిందా, పద్దెనిమిది వేసుకొమ్మని మేస్త్రి. జగిత్యాల వచ్చేదాకా తగువు తెగలేదు, కండక్టరు కూడా మేస్త్రి వైపే మాట్లాడాడు. క్లాసు అయ్యాక బస్టాండు దగ్గర మిర్చీలు తినేవారు. తిరుగు బస్సులో, పొద్దున నేర్చుకున్నదాంట్లో సగం మరిచిపోయినట్టు కనిపెట్టి, ఒకరినొకరు తిట్టుకుని మళ్లీ మొదలుపెట్టేవారు.

భూమవ్వ పదకొండేళ్లకు బడి మానింది, పదహారేళ్లకు పెళ్లయింది. ఆ తర్వాత తన పని మీద తాను బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చోవడం ఈ ఆదివారాల్లోనే. సంతోషం అనేది పాసైతే వస్తుందని, వచ్చేదాకా ఇలా తిరగాలని ఆమె మొదట్లో అనుకునేది. మీటింగులో మేడం ఆ మాట చెప్పిన రాత్రి పడుకుని ఆలోచిస్తే, అది ఎప్పుడో వచ్చి, వారం వారం బస్సులో తన పక్కనే కూర్చుంటోందని అర్థమైంది.

అందుకే ఇవాళ గుడ్ల లెక్క కుదరలేదు. పాసైతే ఇక క్లాసులుండవు. పైగా పోస్టెప్పుడని అందరూ అడుగుతారు, రెండేళ్ల అబద్ధం బయటపడుతుంది. తప్పితే ఏమవుతుందో జలపతి ముందే చెప్పాడు: "గీసారి గూడ పోతే ఇగ బంజెయ్యే. ఇంకెన్నేండ్లు తిరుగుతవ్ బస్సులెంబడి?" ఎటు తిరిగినా ఆదివారం పోతుంది. పరీక్ష రాసిన దగ్గర్నుంచీ ఆమె ఈ రెండింటినీ మార్చి మార్చి తలుచుకుని సరిగా నిద్రపోలేదు. అన్నిటికంటే తన మీద తనకే కోపం. పరీక్షలో ఆ గోడ లెక్కే వచ్చింది. మనుషులూ రోజులూ మారారంతే. అది రాస్తే గట్టెక్కుతానని తెలిసింది. కలం పట్టుకుని చాలాసేపు ఆగింది. వచ్చిన లెక్కను వదిలేస్తే వండిన అన్నం పారబోసినట్టనిపించి, రాసేసింది.

పదకొండయింది. సైటు తెరుచుకోలేదు. పప్పులో ఉప్పు వేశానా లేదా అని భూమవ్వ రెండుసార్లు రుచి చూసింది, రెండుసార్లూ నాలుకకు ఏమీ తెలియలేదు. పన్నెండున్నరకు పిల్లలకు అన్నాలు పెట్టింది. ఒంటిగంట దాటాక గీతా టీచర్ కేక వేసింది.

"అక్కా, పాస్! నలభై మూడు!"

భూమవ్వ ఒక పాప మూతి తుడుస్తోంది. తుడిచిన మూతినే మళ్లీ తుడిచింది.

"ఆపాది సూడుండ్రి టీచర్. జోహరా బీది." నంబరు నోటికే చెప్పింది. తన నంబరు ఆమెకు ఇప్పటికీ రాదు.

"ముప్పై ఎనిమిది. ఆమె గూడ పాసే! ఇద్దరికిద్దరు కొట్టిండ్రు పోండ్రి!"

నిరుడే చేరిన గీతకు వయసు హద్దు సంగతి తెలియదు. ఇక పోస్టుకు కాయితాలు పెడదామంటూ భూమవ్వను గోడ మీది కూరగాయల బొమ్మల పక్కన నిలబెట్టి ఫోటో తీసింది. నవ్వమంటే నవ్వింది. వెనక నుంచి ఎవరో తరుముతుంటే నవ్వినట్టు వచ్చింది ఫోటో.

అంగన్‌వాడీకి తాళం వేసి, రెండు గల్లీలు దాటి వెళ్లేసరికి జోహరా బీ ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. గడప దగ్గర జిప్పు పట్టని సంచీ ఒకటి పాత చున్నీతో కట్టి ఉంది. బీడీల చాటను కడిగి గోడకు ఆనించారు. తడి ఇంకా ఆరలేదు.

"ఏంది ఆపా గిది?"

"సిరిసిల్లకు పోతున్న," అంది జోహరా బీ, మోకాలు పట్టుకుని లేస్తూ. "సిద్రా నీకంటె ముందుగాల్నే ఫోన్ల సూసింది. అమ్మీ, పాసైనవ్, ఇగ రా అన్నది."

సిద్రా ఆమె ఒక్కగానొక్క కూతురు. సిరిసిల్లలో కుట్టు ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. చంటిపిల్లను చూసుకోవడానికి తల్లిని రమ్మని రెండేళ్లుగా అడుగుతోంది. పది పాసైనాక వస్తానని జోహరా బీ మాటిచ్చింది. తప్పిన ప్రతిసారీ ఆ మాట ఆమెకు ఇంకో ఆరునెలల గడువు తెచ్చిపెట్టేది.

"గిన్ని దినాలు నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వే పొమ్మనేటిదానివి. పిల్ల ఆగమైతుందందువు."

నిజమే, అనేది. భూమవ్వ గడప మీద కూలబడింది. రెండేళ్లుగా దాచిన మాట అప్పుడు, ఎవరూ అడగకుండానే, నోట్లోంచి వచ్చేసింది.

"నాకు పోస్టు రాదు ఆపా. వయసు దాటిపోయింది. ఎప్పుడో దాటింది."

"ఎరుకే."

"ఎవలు చెప్పిండ్రు?"

"ఎవలు చెప్పాలె? రెండేండ్ల కిందటిదాంక ప్రతి ఆయితారం బస్సుల పోస్టు ముచ్చటే తీస్తుంటివి. అటెంక మల్ల తియ్యలే." జోహరా బీ వచ్చి పక్కన కూర్చుంది. "అడిగితే నువ్వు బంజేస్తవని, నేను గూడ అడగలే."

భూమవ్వ చెయ్యి చాచి, జారుతున్న చాటను గోడకు సరిగా ఆనించింది.

"పరీక్షల గోడ లెక్క రాసినవా?" అని అడిగింది భూమవ్వ.

"రాయకుంటెట్ల? అంత మంచిగ అచ్చె."

ఇద్దరికీ నవ్వు వచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే భూమవ్వ చిన్నపిల్లలా ఏడ్చేసింది. "పాసేం జేసుకోను ఆపా? నాకు నువ్వు గావాలె."

"అరె, నేనేం సచ్చిన్నా? సిరిసిల్ల గదా. బస్సున్నది."

బస్సుంటుంది. ఇద్దరూ కలిసి ఎక్కే బస్సు ఉండదు. జోహరా బీకి కూడా అది తెలుసు, అందుకే ఆ మాట భూమవ్వ ముఖం చూడకుండా అంది.

నాలుగున్నరకు రావాల్సిన సిరిసిల్ల బస్సు ఐదైనా రాలేదు. రోడ్ల మీద వడ్లు ఆరబోసే రోజులు. బస్సులు సగం రోడ్డు మీదే నడుస్తున్నాయి. బస్టాండులో సిమెంటు బెంచీ మీద పక్కపక్కనే కూర్చున్నారు. హారన్ మోగినప్పుడల్లా భూమవ్వ ఉలిక్కిపడి బోర్డు చదువుతోంది. మెట్‌పల్లి. నిజామాబాద్. మళ్లీ మెట్‌పల్లి. రావాల్సిన బస్సు రాకపోతే బాగుండుననీ, రాకపోతే ఆపా చీకట్లో ఎలా చేరుతుందోననీ రెండు భయాలూ ఒకేసారి పీకుతున్నాయి.

జోహరా బీ వెళ్లి ఎదురు దుకాణంలో పావుకిలో కలాకంద్ తెచ్చింది. "పాసైనం గదా, నోరు తీపి జేసుకోవాలె." డబ్బా మూత తీసి చెరొక ముక్క తిన్నారు. రెండో ముక్క ఎవరూ ముట్టుకోలేదు.

"ఒకటి అడుగు," అంది జోహరా బీ.

"ఏంది?"

"లెక్క. ఊకె కూసుంటె బుగులైతుంది."

భూమవ్వ కొంగుతో కళ్లజోడు తుడుచుకుంది. "స్తూపం. వ్యాసార్ధం ఏడు సెంటీమీటర్లు, ఎత్తు పది. ఘనపరిమాణం ఎంత?"

"గదేనా! పైపు లెక్క."

సంచీలోంచి కలం తీసి, డబ్బా మూతను తిరగేసి మోకాలి మీద పెట్టుకుని, ఎప్పటిలాగే పైకి చెప్తూ రాయడం మొదలుపెట్టింది. "ఇరవై రెండు బై ఏడు, ఇంటూ ఏడు, ఇంటూ ఏడు..." బెంచీ చివర కూర్చున్న ముసలాయన మెడ చాచి చూశాడు. ఎత్తు మరిచిపోకు అంది భూమవ్వ. నాకెరుకలేదా అంది జోహరా బీ. భూమవ్వ ముందుకు వంగి, తప్పు చేస్తుందేమోనని కలం మొననే చూస్తూ ఉంది.

"రుద్రంగి, యేములాడ, సిరిసిల్ల!"

జనం ఒక్కసారిగా లేచారు. జోహరా బీ మోకాలి మీద ఉన్నది బెంచీ మీద పడేసి పరుగెత్తింది. భూమవ్వ సంచీ పట్టుకుని వెనకే పరుగెత్తి, దాన్ని ఎవరి కాళ్ల మధ్యనుంచో లోపలికి తోసింది. మెట్ల మీద జోహరా బీ ఒకసారి వెనక్కి తిరిగి ఏదో అంది. ఇంజను మోతలో వినబడలేదు. "ఆ, అచ్చిన," అంది భూమవ్వ అలవాటు కొద్దీ. బస్సు కదిలింది. ఒక కిటికీలోంచి చెయ్యి బయటికి వచ్చింది, ఎవరిదో ఆనవాలు పట్టేలోపే బస్సు మలుపు తిరిగిపోయింది.

ఇంటికి పోదామని బెంచీ దగ్గరికి వచ్చింది. కలాకంద్ ముక్కల మీదికి అప్పుడే చీమలు ఎక్కుతున్నాయి. పక్కనే డబ్బా మూత వెల్లకిలా పడి ఉంది. దాని మీద జోహరా బీ గుండ్రటి అంకెలు: 22/7 × 7 × 7 × 10. కింది ఏడును, పై ఏడుల్లో ఒకదాన్ని జాగ్రత్తగా కొట్టేసి, సమానం గుర్తు పెట్టింది. ఆ తర్వాత అట్ట తెల్లగా ఉంది.