గట్టు మీద మంచం

నలభయ్యో రోజు ఫాతెహా అయిపోయింది. వచ్చిన చుట్టాలు అన్నం తిని, మబ్బు పట్టిందంటూ ఎవరి బస్సుకు వాళ్ళు వెళ్ళిపోయారు. ప్రొద్దుటూరులో ఒక మిద్దె మీది వాటాలో అక్తర్ బీ గిన్నెల కుప్ప ముందు పీట వేసుకుని, పీచు పట్టుకుని కూర్చుంది. కూర్చుందే గాని చెయ్యి లేవలేదు. పెద్ద దేగిసాకు అడుగున మాడు పట్టింది. దాని వంక ఊరికే చూస్తూ ఉండిపోయింది. ఒళ్ళంతా అలసట. మొగుడు జమాల్ పోయినప్పటి నుంచి వచ్చింది కాదు అది, అంతకు ముందు ఆయన మంచాన పడి ఉన్నన్నాళ్ళదీ.

"నేను తోముతాలే మా, నువ్వు పోయి పడుకో" అంది కూతురు సుమయ్యా. ఆ పిల్ల ఆ ఊళ్ళోనే ఒక ప్రైవేటు బళ్ళో టీచరు. ఆమె కళ్ళ కింద కూడా నల్లగా ఉంది.

అంతలో కింద మెట్ల దగ్గర ఎవరో ఆడమనిషి గొంతు వినిపించింది. "జమాల్ సారోళ్ళ ఇల్లు ఇదేనా?"

రాజమ్మ. పులివెందుల దగ్గరి పల్లె నుంచి వచ్చింది. తమ తోటలో కోసిన చీనీకాయల సంచి మోసుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ పైకెక్కింది. సంచి దించి, అక్తర్ బీని చూసి గడపలోనే నిలబడిపోయింది.

"నాకు చెప్పల్యా గదమ్మా. మా ఆయనకు నిన్న ఎవురో అంగడి కాడ చెప్తే తెలిసింది. మేమంత పరాయోళ్ళమా?"

"ఎవురికీ చెప్పల్యా అక్కా. చెప్పే ఓపిక ల్యా."

రాజమ్మ కొంగు నడుముకు చెక్కుకుని, అక్తర్ బీ చేతిలోంచి పీచు లాక్కుని, దేగిసా ముందుకు జరుపుకుంది.

వాళ్ళిద్దరి పరిచయం జమాల్ ఉద్యోగం వల్ల వచ్చింది. జమాల్ తండ్రికి గుడ్డల అంగళ్ళ వీధిలో కుట్టుమిషను ఉండేది. కొడుకును కూడా పక్కన ఇంకో మిషను ముందు కూర్చోబెట్టాలని ఆయన ఆశ. కూర్చోబెడితే జమాల్ ఏదో ఒక వంకన లేచి వీధిలో పడేవాడు. సర్వేయరు ఉద్యోగమంటే పొద్దస్తమానం చేన్లమ్మట తిరగడమేనని తెలిసి ఎగిరి గంతేశాడని అత్త చెప్పేది.

మొదట జమ్మలమడుగులో వేశారు. పొద్దున్నే కొలత గొలుసు పట్టే మనుషులను వెంటబెట్టుకుని పోతే దీపాల వేళకు వచ్చేవాడు. పని లేని రోజు కూడా పోయేవాడు. ఎండాకాలం పెన్న ఇసుకలో పడుకునేవాడు. గండికోట వైపు కొండల్లో ఏ బండ చాటున సాయంత్రం దాకా నీడ ఉంటుందో ఆయనకు తెలుసు. ప్యాంటు అంచులకు అంటుకున్న ఉత్తరేణి గింజలు ఆమె ఏరుతూ కూర్చుంటే, ఆ రోజు ఎదురుపడిన నక్క గురించో, చెరువులో దిగిన కొంగల గురించో చెప్పేవాడు.

"ఒగసారి నాతో రా అక్తర్" అనేవాడు.

"నేనొస్తే రొట్టెలు ఎవురు కాలుస్తారు?" అనేది ఆమె.

పైఉద్యోగం ఇస్తాం, కడప ఆఫీసుకు రమ్మని పిలిస్తే వద్దని చెప్పి వచ్చాడు. ఫ్యాను కింద కూచుంటే ఊపిరాడదన్నాడు. అక్తర్ బీ చాలా రోజులు మొహం తిప్పుకుని తిరిగింది. ఈ మనిషి నన్ను కాదు, చేన్లను కట్టుకున్నాడని తల్లితో చెప్పుకుని ఏడ్చింది.

తర్వాత పులివెందులకు బదిలీ. అక్కడ రాజమ్మ మొగుడు ఆదినారాయణకూ, అతని తమ్ముడికీ ఒక గట్టు తగాదా ఉండేది. ఏళ్ళ తరబడి ఒకరి మొహం ఒకరు చూడలేదు. ఎవరి పక్క మనుషులు వాళ్ళకున్నారు. కొలవడానికి జమాల్ వెళ్ళిన రోజు మాట మీద మాట పెరిగింది. తమ్ముడు గడ్డపార ఎత్తాడు. జమాల్ మధ్యలోకి పోయాడు. అన్న మీదికి లేచిన గడ్డపార సర్వేయరు కాలిని విరగ్గొట్టింది.

సుమయ్యాను చంకన వేసుకుని అక్తర్ బీ ఆస్పత్రికి పరుగెత్తింది. జమాల్ పోలీసులతో గట్టు మీద కాలు జారి పడ్డానని చెప్పాడు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"వాని పేరు యాల చెప్పవు?"

"చెప్తే వాడు జైలుకు పోతాడు. వాని కొడుకు పెరిగి పెద్దోడై ఆదినారాయణ కొడుకును కొడతాడు. నేను కొలిచేది దేనికి మల్ల?"

ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ పూటపూటా రాజమ్మే జొన్నరొట్టెలు, పప్పు తెచ్చేది. సుమయ్యాను ఎత్తుకుని ఆడించేది. కట్టు ఆరీ ఆరకముందే జమాల్ తనను చేను దగ్గరికి తీసుకుపొమ్మని పట్టుబట్టాడు. ఆదినారాయణ నులకమంచం తెచ్చి, మోయడానికి కూలి మనుషులను పిలిచాడు. జమాల్ వాళ్ళను వెనక్కి పంపేశాడు.

"మంచం మీ అన్నదమ్ములే మోయాల. వేరేటోళ్ళు మోస్తే నేను కొలవనప్పా."

తలవైపు అన్న పట్టాడు, కాళ్ళవైపు తమ్ముడు. గట్టు సన్నం. ఒకరి అడుగు చూసుకుని ఇంకొకరు అడుగు వెయ్యకపోతే ముగ్గురూ కింద పడతారు. ఊరంతా చేన్లోకి వచ్చి నిలబడింది. సగం దూరం పోయాక తమ్ముడి గొంతు వినబడింది.

"న్నా, గుంత ఉండాది. చూసుకో."

రాజమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అక్తర్ బీకి మాత్రం కోపం ఆగలేదు. ఆమె మొగుడు వెల్లకిలా పడుకుని, కాలి కట్టు సంగతే మరిచి, పైన తిరుగుతున్న గద్దను కూతురికి వేలెత్తి చూపిస్తున్నాడు. గొలుసు ఎక్కడ పట్టాలో మధ్యమధ్య కేకేస్తున్నాడు. పొద్దు వాలేసరికి హద్దురాళ్ళు పాతడం అయిపోయింది. అన్నదమ్ములు కౌగిలించుకోలేదు. కలిసి అన్నం కూడా తినలేదు. కానీ ఆ గట్టు మీద మళ్ళీ ఎవరూ గడ్డపార ఎత్తలేదు.

ఆ కాలు మళ్ళీ సరిగా కుదరలేదు. కుంటుతూనే తిరిగాడు జమాల్. రిటైరయ్యాక కూడా బస్సెక్కి జమ్మలమడుగు పోయి, సాయంత్రం దాకా ఏటి ఒడ్డున ఉండి వచ్చేవాడు. చివరికి చక్కెర జబ్బుతో ఆ కాలికే పుండు పడింది. మోకాలి కింద తీసేశారు.

అక్కడి నుంచి ఈ మిద్దె మీది గది. కిటికీ తీస్తే పక్కింటి గోడ. మొదట్లో తల్లీకూతుళ్ళు ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి, చెరో పక్క పట్టుకుని, మెట్లు దించి వీధిలో ఉంచేవాళ్ళు. వచ్చేపోయే ఆటోల దుమ్ములో కూడా ఆయన మొహం వెలిగేది. అక్తర్ బీకి నడుం పట్టేసింది. బడికి ఆలస్యమవుతోందని సుమయ్యాకు కోపాలు. "ఈ పొద్దు దించుతారా?" అని ఆయన అడిగినన్నాళ్ళూ ఆమె విసుక్కుంది. ఆయన అడగడం మానేశాక ఆ ఇంట్లో ఉండడం ఇంకా కష్టమైంది. ఒకరోజు మధ్యాహ్నం ఆమె టీ పెడుతుండగా ఆయన ప్రాణం పోయింది. గ్లాసు పట్టుకుని వచ్చి, చల్లారుతుందని రెండుసార్లు పిలిచింది.

రాజమ్మ దేగిసా బోర్లించి చేతులు తుడుచుకుంది.

"సారును యాడ పెట్టినారు?"

"ఊరి బయట. మగోళ్ళు తీసకపోయినారు. నేను చూడల్యా."

"పా, పోదాం."

"మా ఆడోళ్ళు లోపలికి పోరక్కా."

"లోపలికొద్దులే. గేటు కాడ నిలబడి చూసొద్దాం. అంత దూరం నుంచి వచ్చినా, ఆయప్పను చూడకుండా ఎట్ల పోదును?"

కాదనడానికైనా ఓపిక కావాలి. అక్తర్ బీ చెప్పులు వేసుకుంది. సుమయ్యా ఆటో పిలిచింది.

ఖబ్రస్తాన్ గోడ పొట్టిగా ఉంది. లోపల తుమ్మచెట్లు, మేస్తున్న మేకలు, అవతల చేన్లు, ఆ చేన్ల చివర నీలంగా కొండల వరస. కొత్త మట్టి దిబ్బను సుమయ్యా గుర్తుపట్టి చూపించింది. గాలి రివ్వున కొట్టింది. అక్తర్ బీ గేటు ఊచలు పట్టుకుని చాలాసేపు చూసింది. ఇన్నాళ్ళూ ఆయనను మిద్దె మీది గది కన్నా చిన్న గదిలో పెట్టి మూసేశారనే ఆమె మనసులో ఉండేది.

"గోడ అడ్డం ల్యా గదక్కా" అంది చివరికి. "చుట్టూ బయలే."

"సారుకు ఇట్లాంటిదే కావాల. ఇంగ యాడ పెట్టినా లేచి పారిపోయేటోడు."

అక్తర్ బీకి నవ్వొచ్చింది. నవ్వడానికి కూడా ఒంట్లో సత్తువ లేక, గేటుకు తల ఆనించింది. సుమయ్యా వచ్చి ఆమె భుజం పట్టుకుంది.

"కాయలు కోసే టయానికి మా తోటకు రాండి, ఇద్దురూ" అంది రాజమ్మ. "మా మరిదోళ్ళ తోట కూడా పక్కనే. వాళ్ళూ అడుగుతాండారు."

"వస్తాలే. తిరగమంటే మాత్రం నా వల్ల కాదు, ముందే చెప్తాండా. చెట్టు కింద పడుకుంటా."

"పడుకో. ఎవురూ లేపరు."

మబ్బు కురవలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆటో గతుకుల్లో ఊగుతోంది. సుమయ్యా రేపటి బడి గురించి ఏదో చెబుతుంటే రాజమ్మ ఊఁ కొడుతోంది. టౌను లైట్లు కనిపించక ముందే అక్తర్ బీ రాజమ్మ భుజం మీద వాలి నిద్రపోయింది.