విజయలక్ష్మి గారి రెండో రికార్డింగు

విజయలక్ష్మి చెప్పిన పాఠం కేసెట్టు హైదరాబాదులోని యూనివర్సిటీ నుంచి తిరిగొచ్చింది. దాంతోపాటు ఒక కాగితం: "పాఠం చదివినట్టుంది, చెప్పినట్టు లేదు. మళ్లీ రికార్డు చేయాలి."

అది 1987 మే నెల. నూజివీడు కాలేజీలో పదకొండేళ్లుగా ఎకనామిక్స్ చెబుతున్న ఆమెను అంతవరకు ఎవరూ అలా అనలేదు. ఆ కాలేజీలోనే ఆదివారాలు దూరవిద్య కేంద్రం నడిచేది. తోట పనులు మాని క్లాసుకి రాలేనివాళ్ల కోసం ఈ కేసెట్లు. శుక్రవారం యూనివర్సిటీ పరిశీలకుడు స్వయంగా వస్తున్నాడు. ఈసారీ కుదరకపోతే పాఠాలు వేరేవాళ్లకి ఇస్తారని కేంద్రం బాధ్యత చూసే వెంకటకృష్ణారావు గారు దాచకుండా చెప్పేశారు.

బుధవారం మధ్యాహ్నం ఆయన బోటనీ ల్యాబు కిటికీలు మూయించి, చప్పుడు పడకూడదని ఫ్యాను ఆపించారు. విస్సన్నపేట మామిడి తోటలో కాయలు గ్రేడు చేసే లేయాని రమ్మన్నారు. ఇద్దరు పిల్లల తల్లి, కేంద్రంలో బి.ఏ. రెండో ఏడు చదువుతోంది. ఆమెను పక్కగదిలో కూర్చోబెట్టి ఆ కేసెట్టే వినిపించారు. గోడ అవతల నుంచి తన గొంతు వినిపిస్తుంటే విజయలక్ష్మి కొంగుతో మెడ తుడుచుకుంటూ కూర్చుంది.

లేయా బయటికొచ్చి తల దించుకుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పమని వెంకటకృష్ణారావు గారు రెండుసార్లు అడిగారు.

"క్లాసులో అయితే మా మొహాలు చూసి ఆగుతారండీ మేడమ్. ఇందులో ఎక్కడా ఆగలేదు. నేను మొదట్లోనే వెనకబడిపోయాను."

విజయలక్ష్మి పుస్తకాలు తీసుకుని లేచింది. తోటలో కాయలేరే మనిషి చేత పరీక్ష పెట్టించారా అని పైకి అనలేదు గానీ, ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. గుమ్మం దాటబోతుంటే వెంకటకృష్ణారావు గారు బీరువాలోంచి ఇంకో కేసెట్టు తీసి టేప్‌రికార్డర్‌లో పెట్టారు.

అందులో ఆయన గొంతే. చరిత్ర పాఠం. దగ్గు, కాగితాలు తిప్పిన చప్పుడు, చెప్పిన వాక్యమే మళ్లీ చెప్పడం. యాభై దాటిన మనిషి చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఆపలేదు, చివరిదాకా వినిపించారు.

"మూడుసార్లు తిప్పి పంపారమ్మా. తప్పు పట్టినవాళ్లే గానీ పక్కన కూర్చుని దిద్దినవాళ్లు నాకు లేరు. మీకూ అలా కాకూడదని లేయాని పిలిచాను."

విజయలక్ష్మి పుస్తకాలు మళ్లీ బల్ల మీద పెట్టింది. తర్వాత వచ్చి కూర్చుని, మైకుకి అవతల కుర్చీలో లేయాని కూర్చోమంది. అర్థంకాని చోట చెయ్యెత్తమంది.

రెండో నిమిషంలోనే చెయ్యి లేచింది. రివైండ్ చేశారు. మళ్లీ అక్కడే లేచింది. మూడోసారి లేయా ఎత్తాలా వద్దా అని సందేహిస్తూ సగమే ఎత్తింది.  ఉక్కకి విజయలక్ష్మి చూసి చదువుతున్న నోట్సు తడిసి ముద్దవుతోంది. ఆమె దాన్ని బల్ల మీద పడేసి లేయా కళ్లలోకి చూసింది.

"రసాల ధర పెరిగితే జనం చవకైన కలెక్టరు మామిడికి పోతారు. ఉప్పు ధర పెరిగితే ఎక్కడికి పోతారు?"

లేయా పెదవులు 'ఎక్కడికీ పోరు' అన్నట్టు కదిలాయి. విజయలక్ష్మి ఆగింది, ఆ జవాబుకి చోటిచ్చి, అక్కడినుంచి డిమాండు సంగతి చెప్పుకుంటూ పోయింది. ఆ తర్వాత చెయ్యి లేచింది ఒక్కసారే.

శుక్రవారం పరిశీలకుడు పెన్సిల్ పట్టుకుని విన్నాడు. మొహంలో ఏమీ కనిపించలేదు. టేపు అయిపోయాక, ఈ పాఠం తీసుకుంటున్నానని, కాకపోతే నిర్వచనం ఆలస్యంగా వచ్చిందని, రెండుచోట్ల పరుగెత్తారని అన్నాడు.

వెంకటకృష్ణారావు గారు ఆమె వైపు భయంగా చూశారు. విజయలక్ష్మి కుర్చీ ముందుకు జరుపుకుంది.

"ఎక్కడ పరుగెత్తానో ఒకసారి వినిపించండి సార్," అంది.

పరిశీలకుడు టేపు వెనక్కి తిప్పాడు.