అలవాటు పడ్డ చేతులు

సాయంత్రం భోజనం కాగానే ఆర్నె చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడుచుకుని, ఇంటి వెనక చిత్తడి నేల అంచున ఒక మొద్దు మీద పోయి కూర్చునేవాడు. జూన్ చివరి రోజులు. ఉత్తరాన మంచుదేశపు పల్లె సువోలంపిలో ఆ రోజుల్లో చీకటి పడదు, దోమ నిద్రపోదు. నిమిషం తిరక్కుండా రెండు చేతులూ దోమలతో నల్లబడేవి. ఆర్నె కదిలేవాడు కాదు, ఒక్కదాన్నీ కొట్టేవాడు కాదు. గడియారం చూసుకుని అరగంట కూర్చుని, చేతులు దులుపుకుని ఇంట్లోకొచ్చేవాడు.

భార్య సైమి మూడు రోజులు చూసి నాలుగో రోజు అడిగింది, ఇదేం పిచ్చి అని. ఇండియాకి తయారవుతున్నానన్నాడు. ఆ పైన మాట లేదు. ఆయన నోట్లోంచి మాట రాబట్టడం కంటే గడ్డకట్టిన చెరువుకి చిల్లు పొడిచి చేపను పట్టడం తేలికని, పెళ్లయిన నలభై ఆరేళ్లనుంచీ సైమి చెబుతూనే ఉంది.

ఆ ఊరివాళ్లకి తాతల నాటి నమ్మకం ఒకటుంది. కుట్టే దోమను కొట్టకూడదు. కడుపునిండా తాగనిస్తే తన విషం తనే పీల్చుకుని పోతుంది. వేసవి మొదట్లో బాగా కుట్టించుకుంటే ఒళ్లు అలవాటు పడి ఆ తరవాత దద్దు లేవదు. మొదటి మాట సంగతేమో గాని రెండోది నిజమేనని ఆర్నె తన ఒంటిమీదే చూసుకున్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్లు అడవిలో చెట్లు కొట్టినవాడు. ఇక్కడ వేలల్లో కుడితే చలించనివాణ్ణి అక్కడ పదో పరకో ఏం చేస్తాయి? అదీ ఆయన లెక్క.

ఇండియాలో ఆయన అక్క ఉంది. పేరు హిల్క. ఆయనకంటే నాలుగేళ్లు పెద్ద. నలభై ఒక్క ఏళ్ల క్రితం నర్సుగా ఒడిశా కొండల్లో ఒక చిన్న ఆసుపత్రికి వెళ్లి అక్కడే ఉండిపోయింది. ఊరికొచ్చి పదకొండేళ్లయింది. వసంతంలో ఆమె దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది, ఎవరిదో చేతిరాతతో. చూపు చుట్టూ మూసుకొస్తోందట. కొత్త సంవత్సరం దాకా చూపుంటే గొప్పేనని డాక్టరు అన్నాడట. రమ్మని మాత్రం రాయించలేదు. అడిగే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు. ఆర్నె ఉత్తరం రెండుసార్లు చదివి, పాస్‌పోర్టు చేయించుకుని, ఆగస్టుకి టికెట్ కొన్నాడు. అక్కకి చెప్పలేదు. ఆమె కళ్లున్నప్పుడే ఒకసారి ఆమెకి కనబడాలి. ఆయనకి కావలసింది అదొక్కటే.

ప్రయాణానికి ముందు జాగ్రత్తలని ఆరోగ్య కేంద్రం వాళ్లు ఒక కాగితం పోస్టులో పంపారు. ఆర్నె బల్ల దగ్గర వేలు పెట్టి అక్షరం అక్షరం చదివాడు. ఒక వరస దగ్గర వేలు ఆగింది. ప్లీహం తీసేసినవాళ్లు మలేరియా ఎక్కువున్న చోట్లకి వెళ్లకపోవడం మంచిదని ఉంది. ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పొయ్యిలో వేశాడు. ఇరవై మూడో ఏట దేవదారు దుంగ దొర్లి మీద పడితే, ఎడమ డొక్కలో చితికిన ప్లీహాన్ని డాక్టర్లు తీసేశారు. ఆ సంగతి ఆయనకి తెలుసు, సైమికి తెలుసు, అక్కకి తెలుసు. మొద్దు మీద కూర్చోవడం మొదలుపెట్టింది కాగితం కాలిన రోజునుంచే.

ఆరోగ్య కేంద్రంలో నర్సు రీక్కా. పక్కింటివాళ్ల మనవరాలు, చిన్నప్పుడు ఆర్నె భుజాల మీద ఎక్కి తిరిగిన పిల్ల. టీకా వేయడానికి చొక్కా చేయి పైకి లాగి చూసి ఆగిపోయింది.

"ఈ చేతులేంటి తాతా? తేనెపట్టులో పెట్టారా?"

చెప్పాడు. రీక్కా ముందు నవ్వింది. నవ్వి, సూది పళ్లెంలో పెట్టి, కుర్చీ ఆయన ఎదురుగా లాక్కుని కూర్చుంది.

"ఇక్కడి దోమ మీ దగ్గర తీసుకుని పోతుంది. అక్కడిది ఇచ్చి పోతుంది. వెయ్యి అక్కర్లేదు తాతా, ఒక్కటి చాలు. ఒళ్లు దురదకి అలవాటు పడుతుంది గాని మలేరియాకి పడదు."

ఆ తరవాత అన్నీ విడమరిచి చెప్పింది. ఆ దోమ మన దోమలా గీ పెట్టుకుంటూ దండెత్తి రాదు. పొద్దు గుంకాక చప్పుడు లేకుండా వస్తుంది, తెల్లవారేదాకా తిరుగుతుంది. కాబట్టి సాయంత్రమయ్యేసరికి పొడుగు చేతుల చొక్కా, మేజోళ్లు వేసుకోవాలి. బయటికి కనబడే చర్మానికి మందు రాసుకోవాలి. మందు పట్టించిన దోమతెర కింద పడుకుని, అంచులు పరుపు కిందికి దోపుకోవాలి. మాత్రలు బయలుదేరే ముందు రోజు మొదలుపెట్టి, తిరిగొచ్చాక ఇంకో వారం వేసుకోవాలి, అదీ కొవ్వున్న తిండితో. వెన్న రాసిన రొట్టె చాలా అని ఆర్నె అడిగాడు. మీరు రాసుకునే వెన్నకి రెండు మాత్రలైనా అరుగుతాయి, కానీ ఒక్కటే మింగండి అంది రీక్కా.

తరవాత కాగితం తీసి వరసగా అడుగుతూ పోయింది. గుండె? బాగానే ఉంది. మందులు పడకపోవడం? లేదు.

"ఆపరేషన్లేమైనా అయ్యాయా?"

ఆర్నె కిటికీలోంచి సైకిళ్లు పెట్టే చోటు చూశాడు.

"లేదు" అన్నాడు.

ఇక డాక్టరు సంతకమొక్కటే కావాలని, సోమవారం వచ్చి మాత్రల చీటీ తీసుకోమని రీక్కా చెప్పింది. దోమతెర సంచి చేతికిచ్చింది. ఆర్నె సైకిలెక్కాడు. ఆ సాయంత్రం మొద్దు దగ్గరికి పోలేదు. ఇన్నాళ్లూ తను నమ్ముకున్నది ఆ చేతుల్నే. వాటివల్ల లాభం లేదని తేలిపోయాక, కాల్చిన కాగితంలోని వరస మళ్లీ కళ్లముందుకొచ్చి కూర్చుంది.

శనివారం మొగుడూ పెళ్లాం ఆవిరిస్నానానికి కూర్చున్నారు. పై బల్ల మీద ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు. కొట్టంలో కొయ్య వాసన, పొగ వాసన. సైమి ఆయన డొక్కమీద పాత కుట్ల గీత చూసింది. వేడికి అది ఎర్రబడి ఉంది. నలభై ఆరేళ్లుగా చూస్తున్నదే, కానీ ఆ రోజు దాని మీద ఆమె చూపు నిలిచిపోయింది. ఆ పిల్ల దీని గురించి అడిగిందా అంది.

"అడిగింది. లేదన్నాను."

సైమి గరిటెతో పొయ్యి మీద కాలుతున్న రాళ్ల మీద నీళ్లు పోసింది. ఆవిరి సర్రున లేచింది. అది తగ్గేదాకా ఇద్దరూ తలలు వంచుకున్నారు. ఆమె తిడుతుందని ఆర్నె ఎదురుచూశాడు. తిడితే బాగుండుననుకున్నాడు కూడా.

"మీ అక్క నీ మొహం చూడాలనేగా నువ్వు పోయేది" అంది సైమి మెల్లగా. "జ్వరంతో మంచమెక్కిన మొహమా ఆవిడకి చూపిస్తావు? కళ్లు పోయేముందు ఆఖరుగా చూసేది అదవుతుంది, ఆలోచించుకో."

ఆమె ఇంకో గరిటెడు పోసి, కాళ్లు తడబడకుండా బల్ల దిగి వెళ్లిపోయింది.

సోమవారం పొద్దున్నే ఆయన ఆరోగ్య కేంద్రం తలుపు తెరవకముందే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. రీక్కా తాళం తీస్తుంటే వెనకనుంచే చెప్పేశాడు.

"నాకు ప్లీహం లేదమ్మా. తీసేశారు. మొన్న అబద్ధమాడాను."

రీక్కా తాళంచెవి తలుపుకే వదిలేసి డాక్టరుకి ఫోన్ చేసింది. డాక్టరమ్మ వచ్చి, కసురుకోకుండా, దాచకుండా చెప్పింది. ప్లీహం లేని ఒంట్లో మలేరియా చూస్తుండగానే ముదిరిపోతుంది. మాత్రలు మంచివే, కానీ ఏ మాత్రా నూటికి నూరు కాదు. వానాకాలంలో ఆ కొండలకి మిమ్మల్ని నేను పంపను. వెళ్లి తీరాలంటే వానలు పోయి దోమలు తగ్గాక, ఫిబ్రవరిలో, కొండలెక్కకుండా సముద్రపు ఒడ్డు ఊళ్లకి వెళ్లండి. ఈలోగా టీకాలన్నీ వేయిద్దాం. అప్పుడూ మాత్రలు వేసుకోవాల్సిందే, దోమతెర కట్టుకోవాల్సిందే. జ్వరం తగిలితే గంట ఆగకుండా ఆసుపత్రికి పోవాలి. తిరిగొచ్చాక ఏడాదిదాకా అంతే.

ఫిబ్రవరి అంటే కొత్త సంవత్సరం దాటాక. ఆర్నె ఆ నెలను మనసులో తిప్పుకుంటూ సైకిల్ తొక్కాడు. ఇల్లు చేరి, టోపీ తీయకుండానే అక్కకి ఫోన్ కలిపాడు. ఎప్పుడూ ఆమే చేసేది. అందుకే అటువైపునుంచి మొదటి మాట, ఎవరు పోయారు అని.

ఎవరూ పోలేదన్నాడు. తన జీవితంలో ఎన్నడూ లేనంత పొడుగ్గా సంగతంతా చెప్పాడు. ఆగస్టు టికెట్, కాల్చిన కాగితం, ఆడిన అబద్ధం, డాక్టరమ్మ మాట. అటువైపు కొండల మీద వాన దంచుతున్న చప్పుడు.

"ఒరేయ్" అంది హిల్క. "పదకొండు రోజులు నీ మంచం పక్కన కూర్చున్నదాన్ని నేను. నీ డొక్కలో ఏది ఉందో ఏది లేదో నాకు తెలీదనుకున్నావా? ఆగస్టులో గనక ఈ మెట్లెక్కుంటే, వచ్చిన బండిలోనే వెనక్కి పంపేదాన్ని. ఫిబ్రవరిలో రా. కొండ దిగి సముద్రం ఒడ్డుకి నేనే వస్తాను. ఇక్కడి పిల్లలు దింపుతారు."

"అప్పటికి నీ కళ్లు?"

"పోతే పోతాయి. ఒక్క దోమకాటుతో పోయినవాళ్లని ఈ చేతులతో ఎంతమందిని సాగనంపానో నీకు తెలీదు. ఆ వరసలో నిన్ను కలుపుకోలేను."

ఆర్నె గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. సైమి వంటబల్ల దగ్గర బంగాళాదుంపలు చెక్కుతోంది.

"కానీ ఒకటి చెబుతా విను" అంది హిల్క. "చూపు లేకపోతే నువ్వు తలూపినా నాకు తెలీదు, భుజాలెగరేసినా తెలీదు. నోరు విప్పాలి. ఎన్నాళ్లుంటావు?"

"మూడు వారాలు."

"మూడు వారాలూ మాట్లాడాలి. చేతనవుతుందా?"

ఆర్నె తలూపాడు.

"చూశావా, ఇప్పుడు తలూపావు. ఇప్పట్నుంచే మొదలుపెట్టు. ఏదో ఒకటి చెప్పు."

ఆర్నె సాయం కోసం సైమి వైపు చూశాడు. ఆమె తల ఎత్తలేదు. ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"నిన్న పొద్దున వల తీశాను" అన్నాడు.

"ఎన్ని పడ్డాయి?"

"పదిహేడు. చిన్నవి. రెండు పిల్లికి పోయాయి."

"పిల్లి ఎప్పుడొచ్చింది మీ ఇంట్లోకి?"

"అది చెప్పాలంటే చాలా ఉంది" అని ఆర్నె కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.