బావ ఇచ్చిన సముద్రం

ఎంగిలి చేత్తో కాకిని తోలని మా బావ, నవ్వుకుంటూ వచ్చి నా బల్ల మీద పెన్‌డ్రైవ్ పెట్టాడు. అప్పుడే నా మనసు కీడు శంకించింది.

"మొత్తం ఇందులో ఉంది మరదలా. మన అఖాతం నీళ్ల వేడి, నేను ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ."

మా అక్క మొగుడని చెప్పడం కాదుగానీ, ఆ కొలతలు ఇంకెవరి దగ్గరా లేవు. రోజూ పడవేసుకుని వెళ్లి కొలిచింది ఆయనొక్కడే. చేపలెందుకు తగ్గిపోయాయో తేల్చాలంటే అవే దిక్కు. తీరం వెంబడి సముద్ర పరిశోధన ల్యాబులన్నీ, బావ వాళ్లదానితో సహా, కూర్చుని, ఎవరి డేటా అయినా ఒక కాపీ ఉమ్మడి నిల్వలో ఉండాలని ఒప్పుకున్నాయి. ఆ నిల్వ చూసే పని నాది. మీటింగు పెట్టిన ప్రతిసారీ బావదొకటే పాట: "దొంగ చేతికి తాళాలిస్తానా? నా కష్టం మీద ఎవడో పేరు కొట్టేస్తాడు!"

అలాంటి మనిషి అడక్కుండానే ఇచ్చాడా? వైరస్ ఉందేమోనని చూశాను. లేదు. అంకెలన్నీ తిరగేశాను. ఎండల్లో పెరిగి, వానల్లో తగ్గి, బుద్ధిగానే ఉన్నాయి. అక్కకి ఫోన్ చేసి, "మీ ఆయనకి ఒంట్లో బాగానే ఉందా?" అన్నాను.

"ఈమధ్య ఈల వేస్తున్నాడే. నాకూ భయంగానే ఉంది" అంది.

ఆ తర్వాత ఊరికే ఫోన్లు. "ఎవరైనా వాడారా? ఏ వ్యాసంలోనైనా వేశారా?" ఆ ఆత్రం వింటే నాకు ఒళ్లు మండేది. ఇచ్చినవాడు ఇచ్చి ఊరుకోడేం?

వానలకి ఆయన ల్యాబు పైకప్పు కారి, అసలు డిస్కు తడిసి చచ్చింది. ఇంకో కాపీ ఉంటే దొంగకి ఇంకో దారి అనుకునే రకం, ఆయన దగ్గర ఉన్నది అదొక్కటే. మర్నాడు నా గదికొచ్చాడు. ఈల లేదు. నాకు మాత్రం ఎంత గర్వంగా ఉందో! ఇందుకే కదా అన్ని మీటింగులు!

"బెంగపడకు బావా, అంతా భద్రంగా ఉంది" అని తెర మీద తెరిచాను.

"అది అసలుది కాదు. మధ్యమధ్యలో దొంగ అంకెలు కలిపాను. ఎవడైనా తనవని వేసుకుంటే పట్టుకుందామని."

"ఎక్కడెక్కడ కలిపావు?"

"అసలుదాంతో పోల్చితే తెలుస్తుంది కదా అనుకున్నా."

"చూస్తే గుర్తుపట్టలేవా?"

"ఎవరికీ అనుమానం రాకుండా కలిపాను మరదలా."

ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. ఈయన మా అందరినీ లాక్కుని మరీ పడ్డాడు! తిట్టడానికి నోరు తెరిచాను. అప్పటికే కుర్చీ లాక్కుని, తెర మీద వేలు పెట్టి, ఒక్కో అంకె దగ్గరా ఆగుతున్నాడు.

"ఇదేనేమో... కాదు, ఆరోజు ఎండ మండిపోయింది. ఏమో, ఇదే కలిపానేమో..."

నాకు ఏడుపొచ్చింది. ఆయన వేలు తర్వాతి అంకె మీదికి జరిగింది.